లోన్ పైన్: ఎత్తైన కొండ కింద, నీళ్ళు పోగొట్టుకున్న చిన్న ఊరు

ఇవాళ్టి ఎపిసోడ్ అమెరికాలో ఒక చిన్న ఊరి గురించి. పేరు లోన్ పైన్. కాలిఫోర్నియాలో ఉంది. జనాభా సుమారు 2,000. అంటే మన దగ్గర ఒక మామూలు పల్లెటూరంత. మరి దాని గురించి ఒక ఎపిసోడ్ అంతా ఎందుకు అనుకుంటున్నారా? చెప్తాను.

ముందుగా ఒక మాట. మీలో చాలామంది ఈ ఊరి పరిసరాలను ఎప్పుడో చూసేశారు, పేరు తెలియదంతే. 2016లో యాపిల్ వాళ్ళు మ్యాక్ కంప్యూటర్లకి సియెర్రా అనే వెర్షన్ తెచ్చారు గుర్తుందా? దానితో వచ్చిన వాల్‌పేపర్‌లో ఒక పదునైన రాతి కొండ ఉంటుంది. ఆ కొండ పేరు లోన్ పైన్ పీక్. ఈ ఊరి నెత్తిమీదే ఉంటుంది. ఐరన్ మ్యాన్ మొదటి సినిమాలో టోనీ స్టార్క్ అఫ్ఘనిస్థాన్‌లో మిసైల్ చూపించే సీన్ ఉంది కదా, అది తీసింది కూడా ఈ ఊరి పక్కనున్న గుట్టల్లోనే.

అంటే ఈ ఊరి బొమ్మ ప్రపంచమంతా తిరిగింది, ఊరి పేరు మాత్రం తిరగలేదు. ఈ ఊరి చరిత్ర చదువుతూ పోతే నాకు మళ్ళీ మళ్ళీ కనిపించింది ఇదే. ఇక్కడి నీళ్ళు, ఇక్కడి కొండలు, ఇక్కడి నేల, అన్నీ వేరే ఎవరికో పనికొచ్చాయి. ఊరు మాత్రం చిన్నగానే ఉండిపోయింది. అది ఎలా జరిగిందో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదట ఊరు ఎక్కడుందో అర్థం చేసుకుందాం. లాస్ ఏంజెలెస్ నుంచి ఉత్తరంగా కారులో బయల్దేరితే మూడున్నర గంటల ప్రయాణం. ఎడారి దాటాక ఒక పొడవాటి లోయలోకి దిగుతాం. దాని పేరు ఓవెన్స్ లోయ. పడమర వైపు సియెర్రా నెవాడా పర్వతాలు, తూర్పు వైపు ఇన్యో పర్వతాలు. మధ్యలో హైవే 395. ఆ హైవేనే లోన్ పైన్‌కి మెయిన్ రోడ్డు. రోడ్డుకి అటూ ఇటూ కొన్ని హోటళ్ళు, మోటెళ్ళు, పెట్రోల్ బంకులు, కొండలెక్కేవాళ్ళకి సామాన్లు అమ్మే షాపులు. అంతే, ఊరు అయిపోయింది.

కానీ పడమర వైపు తల తిప్పితే కథ వేరు. ఊరు సముద్రమట్టానికి సుమారు 3,700 అడుగుల ఎత్తులో ఉంటే, పక్కనే మౌంట్ విట్నీ 14,505 అడుగుల ఎత్తులో ఉంది. అలాస్కా, హవాయి పక్కన పెడితే మిగతా అమెరికా మొత్తంలో ఇదే అత్యంత ఎత్తైన శిఖరం. మధ్యలో పెద్దగా చిన్న కొండల వరసలేమీ లేవు. ఊరి నుంచి సుమారు 10,000 అడుగుల గోడలా ఒక్కసారిగా లేచి నిలబడుతుంది. ఇక్కడొక చిన్న తమాషా ఉంది. ఊళ్ళోంచి చూస్తే లోన్ పైన్ పీక్ దగ్గరగా ఉండడం వల్ల పెద్దదిగా కనిపిస్తుంది. విట్నీ వెనకగా, కాస్త చిన్నగా కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు లోన్ పైన్ పీక్‌నే విట్నీ అనుకుని ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతుంటారు.

ఇంకో విచిత్రం. ఇక్కడికి తూర్పున, ఆకాశ మార్గంలో 140 కిలోమీటర్ల లోపే డెత్ వ్యాలీలోని బ్యాడ్ వాటర్ ఉంది. అది సముద్రమట్టం కంటే 282 అడుగుల కిందికి ఉంటుంది. ఉత్తర అమెరికాలోనే అత్యంత పల్లపు చోటు. అంటే అత్యంత ఎత్తు, అత్యంత పల్లం రెండూ పక్కపక్కనే ఉన్నాయన్నమాట. ప్రతి వేసవిలో బ్యాడ్ వాటర్ 135 అని ఒక పరుగు పందెం జరుగుతుంది. ఆ పల్లంలో మొదలుపెట్టి, 135 మైళ్ళు అంటే 217 కిలోమీటర్లు పరిగెత్తి, లోన్ పైన్ మీదుగా విట్నీ కొండ మొదట్లో ఆపుతారు. జూలై ఎండలో. వినడానికే ఒళ్ళు మండుతోంది కదా.

సరే, ఇప్పుడు నీళ్ళ విషయానికి వద్దాం. పసిఫిక్ సముద్రం మీంచి వచ్చే మేఘాలు సియెర్రా పర్వతాలకి తగులుకుని, పడమటి వైపే తమ నీళ్ళన్నీ కురిపించేస్తాయి. ఇటు తూర్పు వైపు మిగిలేది చాలా తక్కువ. దీన్నే వర్షచ్ఛాయ అంటారు. స్కూల్లో జాగ్రఫీలో చదువుకునే ఉంటారు. అందుకే లోయలో వాన తక్కువ. కానీ పైన శిఖరాల మీద మంచు బాగా పడుతుంది. వేసవిలో ఆ మంచు కరిగి వాగులుగా కిందికి దిగి, ఓవెన్స్ నదిలో కలుస్తుంది. ఆ నది లోన్ పైన్‌కి దక్షిణాన ఓవెన్స్ సరస్సులోకి వెళ్ళేది. అంటే వాన లేకపోయినా నీళ్ళున్న లోయ ఇది. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది.

ఇక్కడ మొదట ఉన్నది పైయూట్ జాతి ప్రజలు. వాళ్ళ భాషలో ఈ లోయ పేరు పయాహూనదూ. నీళ్ళు పారే చోటు అని అర్థం. పేరు పెట్టి ఊరుకోలేదు. వాగుల నుంచి చిన్న చిన్న కాలువలు తవ్వి, తాము తినే దుంపలు, గింజలు పెరిగే పొలాలకి నీళ్ళు మళ్ళించేవాళ్ళు. తెల్లవాళ్ళు రాకముందే ఇక్కడ కాలువల వ్యవసాయం ఉందన్నమాట.

1860ల మొదట్లో పశువుల మందలతో తెల్లవాళ్ళు వచ్చారు. ఆ పశువులు పైయూట్ల తిండి మొక్కల్ని మేసేశాయి. ఆకలితో వీళ్ళు పశువుల్ని పట్టుకుని తిన్నారు. గొడవ మొదలైంది. 1862లో సైన్యం వచ్చి క్యాంపు పెట్టింది. 1863లో సుమారు వెయ్యి మంది పైయూట్లని పోగేసి, ఎండాకాలంలో, నడిపించుకుంటూ దక్షిణాన ఫోర్ట్ టెహోన్ అనే చోటికి తీసుకెళ్ళారు. దారిలో కొందరు చనిపోయారు, కొందరు తప్పించుకున్నారు. తర్వాతి కాలంలో చాలామంది తిరిగి వచ్చేశారు. కానీ వచ్చేసరికి తమ పొలాల్లో వేరేవాళ్ళు ఉన్నారు. ఒకప్పుడు తమదైన నేల మీదే కూలీలుగా పని చేయాల్సి వచ్చింది. ఇవాళ్టికీ లోన్ పైన్‌ని ఆనుకుని పైయూట్-షొషోని వాళ్ళ చిన్న రిజర్వేషన్ ఉంది. ఇది అంతరించిపోయిన జాతి కథ కాదు. వాళ్ళు ఇప్పటికీ అక్కడే ఉన్నారు, నీళ్ళ హక్కు గురించి ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

ఊరి పేరు సంగతి కూడా చెప్పేస్తాను. వాగు ఒడ్డున ఒంటరిగా ఒక పైన్ చెట్టు ఉండేదట. దాన్ని చూసి లోన్ పైన్, అంటే ఒంటరి పైన్ చెట్టు అని పేరు పెట్టారు. తర్వాత ఆ వాగే వేళ్ళ కింద మట్టి కోసేయడంతో చెట్టు కూలిపోయింది. పేరు మాత్రం మిగిలింది.

1865లో తూర్పు కొండల మీద సెర్రో గోర్డో అనే చోట వెండి దొరికింది. గనులు లేచాయి. గని పనివాళ్ళకి తిండి, గుర్రాలకి మేత, ఇవన్నీ లోయలోంచే వెళ్ళాలి. అలా లోన్ పైన్ బజారు ఊరుగా ఎదిగింది. 1870లో పోస్టాఫీసు కూడా వచ్చింది. ఓవెన్స్ సరస్సు ఎంత పెద్దదంటే, వెండి దిమ్మెల్ని సరస్సు దాటించడానికి ఆవిరి పడవ నడిపేవాళ్ళు. ఈ పడవ మాట కూడా గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఊరు కాస్త నిలదొక్కుకుంటుండగా 1872 మార్చి 26 వచ్చింది. తెల్లవారుజామున రెండున్నర ప్రాంతంలో భూకంపం. కాలిఫోర్నియా చరిత్రలో వచ్చిన అతిపెద్ద భూకంపాల్లో ఇదొకటి. ఊళ్ళో ఇళ్ళు చాలావరకు పచ్చి ఇటుకలతో కట్టినవి. 59 ఇళ్ళలో 52 కూలిపోయాయి. 27 మంది చనిపోయారు. వాళ్ళలో కొందరిని ఊరికి ఉత్తరాన ఒకే చోట పూడ్చిపెట్టారు. ఆ సమాధి ఇప్పటికీ రోడ్డు పక్కన ఉంది. ఊరికి పడమరగా నేల పగిలి, ఒక పక్క కుంగి, మెట్టులా తయారైంది. ఆ మెట్టు కూడా ఇప్పటికీ కంటికి కనిపిస్తుంది. ప్రకృతి రచయిత జాన్ మ్యూర్ ఆ రాత్రి దూరాన యోసెమిటీలో ఉన్నాడు. ఆయన క్యాబిన్ కూడా ఊగిపోయింది.

ఊరు మళ్ళీ కట్టుకున్నారు. ఆ మరుసటి ఏడాదే ఒక మంచి విషయం జరిగింది. మౌంట్ విట్నీకి ఆ పేరు 1864లో సర్వే బృందం పెట్టింది, తమ బృందం పెద్ద జోసయా విట్నీ పేరు మీద. కానీ పైకి ఎవరూ ఎక్కలేకపోయారు. సర్వే బృందంలోని క్లారెన్స్ కింగ్ అనే పేరున్న భూగర్భ శాస్త్రవేత్త 1871లో ఎక్కేశాననుకున్నాడు. తీరా చూస్తే ఆయన ఎక్కింది పక్క కొండ! రెండేళ్ళ తర్వాత అది బయటపడింది. ఆ సంగతి తెలిసి ఆయన మళ్ళీ వచ్చేలోపు, 1873 ఆగస్టు 18న, చేపల వేటకి వెళ్ళిన ముగ్గురు స్థానికులు విట్నీ ఎక్కేశారు. చార్లెస్ బెగోల్, జాన్సన్, జాన్ లూకాస్. కింగ్ ఒక నెల ఆలస్యంగా పైకి చేరాడు. లోయ జనం సంబరపడిపోయి ఆ కొండకి ఫిషర్‌మన్స్ పీక్ అని పేరు పెట్టాలన్నారు. కుదరలేదు. ఎక్కింది మనవాళ్ళు, పేరు మాత్రం పెద్దసారుది అన్నమాట. 1904లో కొండ మీదికి దారి వేయడానికి కూడా ఊరివాళ్ళే డబ్బులు పోగేసుకున్నారు.

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. లాస్ ఏంజెలెస్.

1900లో ఆ సిటీ జనాభా సుమారు లక్ష. 1910 నాటికి 3 లక్షలు దాటిపోయింది. ఊరు పెరుగుతోంది, నీళ్ళు లేవు. ఉన్నది ఒక చిన్న నది. సిటీ నీటి విభాగం పెద్ద విలియం మల్హోలాండ్. ఐర్లండ్ నుంచి వచ్చి, కాలువలు శుభ్రం చేసే కూలీగా మొదలుపెట్టి, సొంతంగా ఇంజనీరింగ్ నేర్చుకున్న మనిషి. ఆయన స్నేహితుడు, మాజీ మేయర్ ఫ్రెడ్ ఈటన్, ఓవెన్స్ నదిని చూపించి అక్కడి నుంచి నీళ్ళు తెచ్చుకోవచ్చన్నాడు. లోయ ఎత్తులో ఉంది, సిటీ పల్లంలో ఉంది. పంపులు అక్కర్లేదు. నీళ్ళు వాటంతట అవే పారుతూ వస్తాయి.

అయితే అదే సమయంలో కేంద్ర ప్రభుత్వ శాఖ ఒకటి ఓవెన్స్ లోయ రైతుల కోసమే ఒక సాగునీటి ప్రాజెక్టు ఆలోచిస్తోంది. రైతులు దాని మీద ఆశలు పెట్టుకున్నారు. ఈటన్ 1905 ప్రాంతంలో లోయకి వచ్చి భూములు, వాటితోపాటు నీటి హక్కులు కొనడం మొదలుపెట్టాడు. ఎవరి కోసం కొంటున్నాడో అమ్మినవాళ్ళలో చాలామందికి తెలియదు. ఆయన పశువుల ఫారం పెట్టుకుంటున్నాడనో, ప్రభుత్వ ప్రాజెక్టు పని మీదే వచ్చాడనో అనుకున్నారు. నిజం బయటికొచ్చేసరికి కీలకమైన భూములు చేతులు మారిపోయాయి. ప్రభుత్వ ప్రాజెక్టు కూడా ఆగిపోయింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. చాలా వీడియోల్లో లాస్ ఏంజెలెస్ నీళ్ళు దొంగిలించింది అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కాగితాల మీద చూస్తే అది కొనుగోలు. డబ్బులిచ్చారు, సంతకాలు పెట్టించుకున్నారు. కానీ కొనేవాడికి అసలు విషయమంతా తెలిసి, అమ్మేవాడికి తెలియకపోతే దాన్ని ఏమనాలి? చట్టం ఒక పేరు పెడుతుంది, ఊరు ఇంకో పేరు పెడుతుంది. వందేళ్ళ తర్వాత కూడా ఈ రెండు పేర్ల మధ్య గొడవ తీరలేదు.

కాలువ పని 1908లో మొదలై 1913లో పూర్తయింది. పొడవు 233 మైళ్ళు, అంటే 375 కిలోమీటర్లు. కాలువలు, సొరంగాలు, పెద్ద పెద్ద ఉక్కు గొట్టాలు. ఇంజనీరింగ్ పరంగా చూస్తే నిజంగా గొప్ప పని, అందులో సందేహం లేదు. 1913 నవంబర్ 5న సిటీ చివర గేట్లు ఎత్తితే వేలమంది జనం కేకలు వేశారు. మల్హోలాండ్ ఉపన్యాసం ఇవ్వలేదు. అదిగో నీళ్ళు, తీసుకోండి అన్నంత చిన్న మాటతో ముగించేశాడు.

నది కాలువలోకి వెళ్ళిపోయింది కాబట్టి సరస్సుకి నీళ్ళు చేరడం ఆగిపోయింది. 1920ల మధ్యకల్లా ఓవెన్స్ సరస్సు ఎండిపోయింది. ఒకప్పుడు ఆవిరి పడవ తిరిగిన సరస్సు అన్నాను కదా, అదే. ఇంకోపక్క 1920ల్లో కరువు వచ్చింది. సిటీ మరిన్ని భూములు కొనడం మొదలుపెట్టింది. ఒక రైతు అమ్మితే, ఆ కాలువ మీద ఆధారపడ్డ పక్క రైతు నిలబడలేడు. అతనూ అమ్ముతాడు. రైతులు పోతే షాపులకి బేరం ఉండదు.

1924 మే నెలలో ఎవరో లోన్ పైన్‌కి ఉత్తరాన కాలువని డైనమైట్‌తో పేల్చారు. అదే ఏడాది నవంబర్ 16న సుమారు 70 మంది రైతులు, ఊరివాళ్ళు కలిసి అలబామా గేట్స్ అనే చోటుని ఆక్రమించి, గేట్లు ఎత్తేశారు. లాస్ ఏంజెలెస్‌కి పోవాల్సిన నీళ్ళు మళ్ళీ తమ పాత నది దారి పట్టాయి. పోలీసులొచ్చి పోరాటం అవుతుందేమో అనుకుంటే, అక్కడ జరిగింది జాతర! ఆడవాళ్ళు, పిల్లలు వచ్చేశారు. వంటలు మొదలయ్యాయి. అప్పట్లో కౌబాయ్ సినిమాల స్టార్ టామ్ మిక్స్ పక్కనే షూటింగ్‌లో ఉన్నాడు. తన దగ్గరున్న వాయిద్యాల బృందాన్ని అక్కడికి పంపాడని చెప్తారు. నాలుగు రోజులు అలా నడిచింది. తర్వాత మాట్లాడుకుందాం అన్న హామీతో గేట్లు దించేశారు.

ఆ హామీతో పెద్దగా ఏమీ రాలేదు. ఉద్యమానికి నాయకులైన వాటర్సన్ సోదరులు లోయలో బ్యాంకులు నడిపేవాళ్ళు. 1927 ఆగస్టులో ఆ బ్యాంకులు మూతపడ్డాయి. లెక్కల్లో మోసం బయటపడి అన్నదమ్ములిద్దరూ జైలుకెళ్ళారు. అక్కడ డబ్బు దాచుకున్న జనం సంగతి ఊహించుకోండి. బయటి సిటీతో పోరాడుతుంటే సొంత మనుషుల చేతిలోనే దెబ్బ తగిలింది. పోరాటం అక్కడితో చల్లారిపోయింది. ఈ నీళ్ళ గొడవల స్ఫూర్తితోనే తర్వాత 1974లో చైనాటౌన్ అనే ఫేమస్ సినిమా వచ్చింది.

సినిమా అంటే గుర్తొచ్చింది. ఊరికి, విట్నీకి మధ్యలో అలబామా హిల్స్ అని గుండ్రటి రాతి గుట్టలుంటాయి. 1920 నుంచి ఇక్కడ షూటింగులు మొదలయ్యాయి. ఇప్పటివరకు 400కి పైగా సినిమాలు తీశారని చెప్తారు. లాస్ ఏంజెలెస్‌కి దగ్గర, ఎండ బాగుంటుంది, వెనక మంచు కొండలు. ఇంకేం కావాలి? షూటింగ్ వాళ్ళ కోసమే 1923లో ఊళ్ళో ఒక హోటల్ కూడా కట్టారు.

మనకి సంబంధించిన విషయం ఒకటుంది. 1939లో గంగాదీన్ అనే హాలీవుడ్ సినిమా వచ్చింది. కథ బ్రిటిష్ ఇండియా వాయవ్య సరిహద్దులో జరుగుతుంది. తీసింది మాత్రం ఇక్కడ, అలబామా హిల్స్‌లో. గుడి సెట్ వేశారు. గంగాదీన్ అనే భారతీయ నీళ్ళు మోసేవాడి పాత్రని శామ్ జాఫీ అనే అమెరికన్ నటుడు, ఒంటికి రంగు పూసుకుని చేశాడు. ఆలోచించండి. కథేమో నీళ్ళు మోసేవాడిది, తీసిందేమో తన నీళ్ళు వేరే సిటీకి పోయిన ఊళ్ళో. ఈ కొండలు ఒకసారి ఇండియా, ఇంకోసారి అఫ్ఘనిస్థాన్. లోన్ పైన్‌లా కనిపించిన సినిమాలు మాత్రం తక్కువే.

ఇక మంజనార్. ఇది లేకుండా ఈ కథ పూర్తి కాదు. లోన్ పైన్ నుంచి ఉత్తరంగా సుమారు 15 కిలోమీటర్లు. మంజనార్ అంటే స్పానిష్‌లో ఆపిల్ తోట. 1910 తర్వాత నిజంగానే అక్కడ ఆపిల్, పియర్ తోటలతో ఒక చిన్న ఊరుండేది. 1920ల్లో సిటీ ఆ భూములు కొనేసింది, ఊరు ఖాళీ అయింది. అంతకుముందు అది పైయూట్ల చోటు. తర్వాత మూడోసారి అక్కడికి మనుషులొచ్చారు, ఈసారి బలవంతంగా.

1941 డిసెంబర్‌లో జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది. 1942 ఫిబ్రవరి 19న ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ ఒక ఆర్డర్ మీద సంతకం పెట్టాడు. పసిఫిక్ తీరంలో ఉన్న జపాన్ మూలాలవాళ్ళందరినీ తీసుకెళ్ళి క్యాంపుల్లో పెట్టారు. వాళ్ళలో ఎక్కువమంది అమెరికాలోనే పుట్టిన అమెరికా పౌరులు. అలాంటి 10 క్యాంపుల్లో మంజనార్ ఒకటి. ఒక దశలో 10,000 మందికి పైగా అక్కడ ఉన్నారు. పక్కనున్న లోన్ పైన్ కంటే ఎన్నో రెట్లు పెద్ద ఊరు, చుట్టూ ముళ్ళ కంచె, కాపలా టవర్లు. విచారణ లేదు, నేరం లేదు. 1942 డిసెంబర్‌లో గొడవ జరిగి సైనికుల కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అంత కష్టంలోనూ వాళ్ళు స్కూళ్ళు నడుపుకున్నారు, ఆ ఎండిన నేల మీద రాళ్ళతో, చిన్న కొలనులతో తోటలు వేసుకున్నారు. 1945 నవంబర్‌లో క్యాంపు మూసేశారు. 1988లో అమెరికా ప్రభుత్వం అధికారికంగా క్షమాపణ చెప్పి, బతికున్నవాళ్ళకి తలా 20,000 డాలర్లు ఇచ్చింది. 1992 నుంచి మంజనార్ జాతీయ చారిత్రక స్థలం. ఇప్పుడు వెళ్ళి చూడొచ్చు.

మంజనార్‌ని ఫొటోలు తీయడానికి వచ్చిన వాళ్ళలో పెద్ద ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ ఒకడు. ఆ రోజుల్లోనే, 1944లో, లోన్ పైన్ నుంచి సూర్యోదయపు వేళ సియెర్రా కొండల్ని తీసిన ఫొటో చాలా ఫేమస్. వెనక తెల్లటి మంచు, మధ్యలో నల్లటి గుట్ట, ముందు మేస్తున్న గుర్రం. కానీ ఆ నల్లటి గుట్ట మీద అసలు ఇంకోటి ఉండేది. ఊరి హైస్కూల్ పిల్లలు తెల్లగా పెద్ద పెద్ద అక్షరాలతో ఎల్, పీ అని రాసుకున్నారు. లోన్ పైన్ అని. అది ఫొటోని పాడు చేస్తోందని ఆడమ్స్ నెగెటివ్ మీద చెరిపేశాడు. ఆయన కళ్ళకి అది మచ్చలా అనిపించింది. ఆ పిల్లలకి అది తమ ఊరి పేరు. మనం ఇవాళ ఫోన్‌లో ఎడిట్ చేసి మనుషుల్ని, కరెంటు తీగల్ని తీసేస్తాం కదా, సరిగ్గా అదే పని, 80 ఏళ్ళ కింద.

ఇక ఇవాళ్టి సంగతి. ఇన్యో కౌంటీ చాలా పెద్దది, కానీ అందులో ప్రైవేటు భూమి సుమారు 2 శాతమే. మిగతాదంతా దాదాపుగా కేంద్ర ప్రభుత్వానిది, లాస్ ఏంజెలెస్ సిటీది. సిటీ చేతిలో ఈ కౌంటీలో సుమారు రెండున్నర లక్షల ఎకరాలున్నాయి. కాబట్టి లోన్ పైన్ పెరుగుదామన్నా పక్కన ఖాళీ జాగా ఉన్నట్టే కనిపిస్తుంది, కొనడానికి మాత్రం ఉండదు. ఊరు చిన్నగా ఉండిపోవడానికి ఇదొక పెద్ద కారణం.

ఎండిపోయిన సరస్సు ఇంకో సమస్య తెచ్చింది. గాలి వీస్తే అడుగున ఉన్న ఉప్పు మట్టి లేచేది. ఒకప్పుడు మొత్తం అమెరికాలో ఒకే చోటు నుంచి లేచే దుమ్ములో ఇదే అత్యధికం. అందులో ఆర్సెనిక్ లాంటివీ ఉన్నాయి. చుట్టుపక్కల జనం ఆ గాలే పీల్చారు. చివరికి చట్టపరమైన ఒత్తిడితో 2001 ప్రాంతం నుంచి సిటీ ఆ సరస్సు అడుగున కొన్ని చోట్ల నీళ్ళు చల్లడం, కంకర పరచడం, గడ్డి పెంచడం మొదలుపెట్టింది. ఖర్చు 200 కోట్ల డాలర్లు దాటింది. దుమ్ము చాలావరకు తగ్గింది. నీళ్ళు కనిపించగానే వలస పక్షులు కూడా తిరిగొచ్చాయి. 2006 డిసెంబర్‌లో ఎండిపోయిన నది కింది భాగంలో 62 మైళ్ళ మేర మళ్ళీ నీళ్ళు వదిలారు.

ఇంకోవైపు వాదన కూడా వినండి. సిటీ ఈ భూములు కొనకపోయుంటే ఈ లోయంతా ఇళ్ళు, మాల్స్‌తో నిండిపోయేదని కొందరంటారు. ఇవాళ టూరిస్టులు వచ్చేది ఆ ఖాళీతనం కోసమే కదా అంటారు. అందులో కొంత నిజముంది. విట్నీ ఎక్కడానికి సీజన్‌లో ఒక్క రోజులో ఎక్కి దిగేవాళ్ళకి రోజుకి 100 పర్మిట్లే ఇస్తారు, అదీ లాటరీలో. అంత డిమాండ్. ఊరు బతికేది ఆ టూరిస్టుల మీదే. కానీ ఆ అందం దానంతట అదే మిగల్లేదు. పైయూట్లు పొలాలు పోగొట్టుకున్నారు, రైతులు తోటలు పోగొట్టుకున్నారు. మనం సహజం అనుకుని ఫొటో తీసుకునే ఖాళీ వెనక చాలామంది ఖాళీ చేసి వెళ్ళిన చరిత్ర ఉంది.

లాస్ ఏంజెలెస్ సిటీలో మన తెలుగువాళ్ళు కూడా ఉంటారు. అక్కడ ఇంట్లో కొళాయి తిప్పితే వచ్చే నీళ్ళలో కొంత భాగం, ఏడాదిని బట్టి ఎక్కువో తక్కువో, ఈ లోయ నుంచి వచ్చిందే. అందుకని తప్పు చేస్తున్నారని కాదు. సిటీకి నీళ్ళు కావాలి, లక్షలమంది బతకాలి. కానీ ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఎవరి దగ్గర ఆగిపోతే మనకి వస్తున్నాయో తెలుసుకోవడం కనీస మర్యాద అని నా అభిప్రాయం.

మీరెవరైనా డెత్ వ్యాలీ ట్రిప్ వేసుకుంటే లోన్ పైన్‌లో ఒక రాత్రి ఆగండి. అలబామా హిల్స్‌లో ఫొటోలు తీసుకోండి, తప్పేం లేదు. సినిమా మ్యూజియం బాగుంటుంది, చూడండి. దాంతోపాటు మంజనార్‌కి రెండు గంటలు ఇవ్వండి. భూకంపంలో పోయినవాళ్ళ సమాధి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. తర్వాత దక్షిణంగా వెళ్తూ ఆ సరస్సు వైపు చూడండి. నీళ్ళుండాల్సిన చోట తెల్లటి నేల కనిపిస్తుంది. అక్కడ ఫొటో తీస్తే మాత్రం, దయచేసి దేన్నీ చెరిపేయకండి.

మీ ఊరి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో మీకు తెలుసా? తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. మీకు తెలిసింది నాకూ రాయండి. మళ్ళీ ఇంకో ఊరితో కలుద్దాం. అప్పటిదాకా సెలవు.